డబ్బాల దగ్గరి ఓపిక

సుబేదారిలో నా జిరాక్స్ షాపు పక్కనే స్టీఫెన్ రౌటర్లు బాగుచేస్తాడు. కింద కొట్టు, పైన ఇల్లు. ఎంత చచ్చిన డబ్బా తెచ్చినా "చూద్దాం తియ్" అంటాడు తప్ప కాదనడు. మనుషుల దగ్గర మాత్రం అతనికి ఓపిక నాస్తి. నేను మాట పూర్తిచేసేలోపే జవాబు చెప్పేస్తాడు.

చచ్చిన రౌటర్‌లోకి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. ఫైళ్లు పంపే పద్ధతుల్లో ఎఫ్‌టీపీ ఉండగా ఆ చిన్నపాటి టీఎఫ్‌టీపీ ఎందుకయ్యా అని ఓసారి అడిగాను.

"ఎఫ్‌టీపీది పెద్దింటి యవ్వారం అన్నా. పేరడుగుతది, పాస్‌వర్డ్ అడుగుతది, ఫోల్డర్లన్నీ సూపెడతది. మధ్యల తెగితే ఆడికెల్లే మళ్ల అందుకుంటది. ఈ సోయి లేని డబ్బాకు గవన్ని యాడ ఎరుక? టీఎఫ్‌టీపీకి ఇచ్చుడు, తీసుకునుడు, రెండే. ఒక ముక్క పంపుతది. అవతల అందింది అన్నంకనే ఇంకో ముక్క. నిదానమే, కానీ దీనికి అదే దిక్కు."

నిజమే, పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం దేనికి అనుకున్నాను.

ఈ ఎండాకాలం స్టీఫెన్ వాళ్ల నాన్న సుందర్ రావుకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. నోట్లో పెట్టింది సగం బయటికే వస్తోంది. ఇట్లాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదన్నాడు డాక్టరు. గొట్టం మాటెత్తితే చాలు, ఆ పెద్దాయన కళ్లలో నీళ్లు.

నిన్న నేను చూడ్డానికి పైకి వెళ్లేసరికి స్టీఫెన్ జావ తాగిస్తున్నాడు. చెంచా మీద చెంచా. ఆయనకు పొలమారింది.

"తినకపోతే నేనేం జెయ్యాలె బాపూ?" అని చెంచా గిన్నెలో పడేశాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటివాళ్ల మధ్య నేనెవరినని ఊరుకున్నాను.

అతని భార్య రూతు మామగారి గడ్డం తుడుస్తూ నెమ్మదిగా అంది: "డబ్బా అందింది అన్నదాక ఆగుతవు గదా. మామ కూడ చెప్తడు. మింగినంక ఎడమ చెయ్యి వేలు లేపుతడు. నువ్వెన్నడన్న సూశినవా?"

స్టీఫెన్ గిన్నెలోంచి చెంచా తీశాడు. ఒక చెంచా పెట్టి ఆగాడు. చాలాసేపటికి దుప్పటి మీద వేలు కొద్దిగా లేచింది. అప్పుడు ఇంకో చెంచా. కింద ఎవరో పిలుస్తున్నా కదల్లేదు. గిన్నె ఖాళీ అయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మెట్లు దిగుతూ స్టీఫెన్ నా భుజం పట్టుకున్నాడు. "బాపు తింటలేడని దవాఖానల నేనే జెప్పిన అన్నా. నా మాట మీదనే గొట్టం ఏస్తమన్నరు."

ఆఖరి మెట్టు మీద ఆగి నా వైపు తిరిగాడు.

"రేపు పోయి, తింటడని చెప్పొస్త."