బొంబాయిలో అయిపోయిన సెలవు

మా ఆయన మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవాడు. రెండేళ్లకొకసారి కంపెనీ విమానం టికెట్ కొనిచ్చి, నలభై అయిదు రోజుల సెలవిచ్చేది. టికెట్ దొరికితే మనిషి ఇంటికొచ్చినట్టేనని నమ్మాను. ఎనభైల మొదట్లో బాన్సువాడ మొత్తానికి నా అంత తెలివితక్కువది ఇంకొకతి లేదు.

మొదటి సెలవు దగ్గర పడిందని తెలియగానే మా కిరాయింటికి జనం రావడం మొదలైంది. ఏడో తరగతి చదివినందుకు ఉత్తరాలు రాసే పని నాదే.

"రాయి వదినా, అన్నను నాకొక టేప్ రికార్డర్ తెమ్మను" అన్నాడు మరిది. ఆడబిడ్డకు మెరిసే చీర కావాలి. ఎదురింటి అవ్వకు మెత్తటి దుప్పటి, ఆమె అల్లుడికి సెంటు సీసా. కాదంటే మొహం మాడ్చుకుంటారని అందరివీ రాశాను. చివర్న నాకొక చేతి గడియారం కూడా రాసుకున్నాను. దాచడమెందుకు, రాస్తుంటే సంబరంగానే ఉండింది.

ఆయనతోపాటు మస్కట్‌లో పనిచేసే పిట్లం ఊరి మనిషి ఒకరోజు ఇంటికొచ్చాడు. "ఇద్దరం ఒక్క విమానంల దిగినం అక్కా. అన్నకు బొంబాయిల ఏదో పనున్నదట. రెండు దినాలల్ల వస్తడు, ఫికర్ చెయ్యకు" అని చెప్పి పోయాడు.

రెండు రోజులు కాస్తా వారమైంది, రెండు వారాలైంది. ఆయన పోయేనాటికి నా కడుపులో ఉన్న బిడ్డకు అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. దాన్ని చంకనేసుకుని రోజూ సాయంత్రం బస్టాండుకు పోయేదాన్ని. బొంబాయి దారిలోని మద్నూర్ నుంచి బస్సు రాగానే, పెట్టెతో దిగిన ప్రతి మగాడినీ చూపించి అది "నాయిన" అనేది. సిగ్గుతో చచ్చేదాన్ని.

సెలవింక వారం ఉందనగా దిగాడు. నల్లగా మాడిపోయి, చేతుల నిండా బొబ్బలతో వచ్చాడు. ఇంట్లోకి రాగానే మీద పడ్డాను.

"యాడ సచ్చినవయ్యా ఇన్ని దినాలు?"

ఆయన కోప్పడలేదు. జేబులోంచి నా ఉత్తరం తీసి చూపించాడు. "మన ఇల్లు కట్టుడుకని నెల నెలా ఉన్నదంతా పంపితిని గద. ఉత్త చేతులతోటి ఎట్ల రావాలె? బొంబాయిల ఒక బిల్డింగ్ పని దొరికితే చేసి, గివన్నీ అక్కడనే కొన్న."

ఇంటికి రావడానికిచ్చిన సెలవును ఈ మనిషి కూలికి పోయి పోగొట్టుకున్నాడు. ఛీ, ఆ గడియారం చేతికి పెట్టుకోబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రమే పంపకాలు అయ్యాయి. "రంగు జర తక్కువున్నది గదనే అన్నా" అని ఆడబిడ్డ చీరను అటూ ఇటూ తిప్పింది. ఆ చీర లాక్కుని పొయ్యిలో పెడదామన్నంత కోపమొచ్చింది, కానీ టీ పెట్టిచ్చాను.

బిడ్డ నాలుగు రోజులు ఆయన్ని చూసి ఏడ్చింది. అయిదో రోజు దగ్గరికి పోయింది. ఆరో రాత్రి ఆయన గుండెల మీదే నిద్రపోయింది. పొద్దున అది లేవకముందే ఆయన బస్సెక్కాడు.

రెండేళ్ల తర్వాత ఆయన దగ్గర్నుంచి ఉత్తరమొచ్చింది. టికెట్ వద్దనుకుంటే దాని పైసలు చేతికిస్తారట. సెలవులో జీతముండదు కాబట్టి, రాకుంటే ఆ జీతం కూడా మిగులుతుంది. "ఏం చెయ్యమంటవు, నువ్వే చెప్పు" అని రాశాడు.

మా ఇంటి గోడలు అప్పటికి లేచాయి. స్లాబు వేయడానికి పైసల్లేక రెండు వానాకాలాలు తడిశాయి. ఆయన వస్తే మళ్లీ ఇంటింటికీ ఏదో ఒకటి తేవాలి. మూడు రోజులు ఆ ఉత్తరం పట్టుకుని అందర్నీ తిట్టుకున్నాను, మరిదినీ ఆడబిడ్డనూ అవ్వనూ.

నాలుగో రోజు తలుపేసుకుని కూర్చుని, పైసలే తీసుకొమ్మని రాశాను. ఆ మాట రాయమని మా ఇంటికి ఎవ్వరూ రాలేదు.