పాడవచ్చునని రాసిన కాగితం

2011 వేసవి చివర జగిత్యాలలో, ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా చేరాను. మాది గుంటూరు జిల్లా. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. అక్కడెందుకని బంధువులు వారించారు. నిజానికి నా ముఖం మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇది ముందే చెప్పడం అవసరం.

కోరుట్లలో అప్పట్లో ఒక సంగీత సభ ఉండేది. ఆ ఊళ్లో పుట్టి, కర్ణాటక సంగీతం పాడుతూ, నేర్పుతూ జీవితం గడిపిన నరసమ్మ గారి పేరు మీద ఆమె శిష్యులు దాన్ని పెట్టారు. ఏటా ఒక యువ గాత్రాన్ని ఎంచి, మూడేళ్లపాటు హైదరాబాదులో గురువు దగ్గర ఉంచి నేర్పించేవారు. ఎంపికైనవారు నరసమ్మ గారి వర్ధంతి నాడు గంటన్నర కచేరీ చేయాలి. దానికి ముందు గొంతు బాగుందని వైద్యుడి ధ్రువపత్రం తేవాలి. ఆ సంతకం పెట్టే పని నాకు అప్పగించారు.

ఆ ఏడు ఎంపికైనది సిరిసిల్ల అమ్మాయి మమత. పంతొమ్మిదేళ్లు. తండ్రి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. తల్లి బీడీలు చుట్టేది. ఎంపిక రోజు నేనూ వెళ్లాను. నాకు సంగీతం పెద్దగా తెలియదు. కానీ ఆ గొంతులో శ్రమ వినిపించలేదు. గొంతు వైద్యుడికి అది అరుదైన విషయం.

సెప్టెంబరులో సకలజనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. సింగరేణిలో బొగ్గు పని ఆగడంతో కరెంటు కోతలు పెరిగాయి. కచేరీకి ఐదు రోజులుందనగా మమత వచ్చింది. వేములవాడ దాకా ఆటోలో, అక్కడి నుంచి జీపులో. వెంట సభ కార్యదర్శి గంగాధర్ గారు, రిటైరైన బడిపంతులు. సిరిసిల్ల దీక్షా శిబిరం నుంచి ఇద్దరు యువకులు కూడా తోడొచ్చి బయట వరండాలో కూర్చున్నారు.

ఆ అమ్మాయి నమస్తే అనగానే నాకు అర్థమైంది. గొంతు గీసుకుపోయి ఉంది.

"దీక్ష టెంట్ల పాడుతున్న సార్. పొద్దుగాల కూసుంటె పొద్దూకేదాక. పాట ఆపితె జనం లేచి పోతరు," అంది.

పరీక్ష పెద్దది కాదు. పొడవాటి పిడి ఉన్న చిన్న గుండ్రటి అద్దాన్ని ఊపిరికి మసకబారకుండా స్పిరిట్ దీపం మీద వెచ్చచేస్తాం. నాలుకను గుడ్డతో పట్టుకొని అద్దాన్ని అంగిలి దాకా పోనిచ్చి 'ఈ' అనమంటాం. స్వరతంత్రులు రెండూ తెల్లగా, దారాల్లా కనిపించాలి. మమతకు ఎడమ తంత్రి పొర కింద నెత్తురు చిమ్మి ఉంది. దీనికి మందు మౌనమే. రెండు వారాలు గుసగుస కూడా పనికిరాదు. ఆ స్థితిలో పాడితే తంత్రి మీద శాశ్వతంగా మచ్చ పడవచ్చు. ఓపీ చీటీ మీద చూసింది చూసినట్టు ఇంగ్లీషులో రాసి ఆమె చేతికిచ్చాను.

విశ్రాంతి కావాలని గంగాధర్ గారితో చెప్పాను. ఆయన చేతులు జోడించారు. "గంటన్నరనే గద సార్. గీసారి తప్పితె కమిటోళ్లు లిస్టుల రెండో పిల్లకు ఇస్తరు. మల్ల ఈ పిల్లకు రాదు."

అప్పుడే వరండాలోంచి ఒక మాట వినిపించింది. "ఆంధ్రా డాక్టరట. ఇయ్యడు చూడు." అన్న మనిషి కోపంగా కూడా అనలేదు.

మమత నన్నే చూస్తూ అడిగింది. "పాడొచ్చునా సార్?"

"జాగ్రత్తగా పాడమ్మా. పై స్థాయికి ఎక్కువ పోకు," అన్నాను. సభ కాగితం మీద 'పాడుటకు యోగ్యురాలు' అని రాసి సంతకం పెట్టాను. నెత్తురు సంగతి ఆమెకు చెప్పలేదు.

కచేరీ కోరుట్లలో, ఒక ఫంక్షన్ హాలులో, మధ్యాహ్నం. నేను మూడో వరుసలో కూర్చున్నాను. రెండో కీర్తన సగంలో కరెంటు పోయింది. జనరేటరులో డీజిలు లేదు. మైకు లేకుండా ఆ హాలు నిండా వినిపించాలని ఆ అమ్మాయి గొంతు పెంచింది. నేను లేచి ఆపవచ్చు. లేవలేదు. పై షడ్జమం దగ్గర స్వరం రెండుగా చీలింది. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఫిడేలు వాయించే ఆయన ఒక్కడే ఆ కీర్తన పూర్తి చేశాడు.

మర్నాడు అద్దంలో చూస్తే ఎడమ తంత్రి పొడవునా నెత్తురు గడ్డ. హైదరాబాదు పంపాను. అక్కడ ఆపరేషన్ చేశారు. మాట్లాడే గొంతు బొంగురుగా తిరిగొచ్చింది. పాడే గొంతు రాలేదు. సభవారు నా కాగితం చూపించి తమ తప్పేమీ లేదన్నారు. హైదరాబాదు అవకాశం జాబితాలో రెండో అమ్మాయికి వెళ్లింది.

సంక్రాంతి దాటాక తండ్రి, కూతురు నా దగ్గరికి వచ్చారు. తండ్రి ఓపీ చీటీ తెచ్చాడు. ఎవరిచేతనో చదివించుకున్నాడట. "నెత్తురున్నదని దీంట్ల రాసిండ్రు. గా కాగితంల మంచిగున్నదని రాసిండ్రు. ఏది నిజం సార్?"

చీటీలో రాసిందే నిజమని చెప్పాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గా ముక్క మాకు జెప్తె ఇంట్ల కూసోవెట్టుకుందుము గద," అన్నాడు.

మమత ఒక్కటే మాట అంది. "మీరు వద్దంటె ఆగుతుంటి సార్." ఆ గొంతులో నింద ఉందో లేదో పోల్చుకోవడానికి అందులో స్వరమే మిగల్లేదు.

జరిగింది జరిగినట్టు రాసి సభకు పంపాను. జవాబు రాలేదు. ధ్రువపత్రాలు రాసే పని వదులుకున్నాను. మమత సిరిసిల్లలో బట్టలు కుట్టే షెడ్డులో పనికి చేరిందని తరువాత తెలిసింది.

వైద్యుడు అద్దంలో చూసింది ముందు రోగికి, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. కాగితం ఆ తరువాత. ఆ అమ్మాయి అవకాశం పోతుందనే జాలితో సంతకం పెట్టానని చాలా ఏళ్లు అనుకున్నాను. జాలి కాదు. వరండాలో వినిపించిన మాటకు భయపడ్డాను. నన్నెవరూ బెదిరించలేదు.