చాముండేశ్వరి గడప కడిగిన శుక్రవారం

చాముండేశ్వరి గారు ముప్పై నాలుగేళ్ళు మాట్లాడడమే ఉద్యోగంగా బతికిన మనిషి. భీమవరం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ట్రంకు కాల్స్ రోజుల్లో ఊళ్ళోని పెళ్ళి కబుర్లూ, చావు కబుర్లూ, వడ్ల బేరాలూ అన్నీ ఆవిడ చెవి పక్క నుంచే వెళ్ళేవి. అలాంటి మనిషిని తీసుకొచ్చి న్యూజెర్సీలో, ఎడిసన్‌లో, పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా హీటరు ఊదే గాలి తప్ప ఇంకో చప్పుడు వినపడని ఇంట్లో కూర్చోబెట్టారు.

కూర్చోబెట్టిన వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కూతురు శ్రీవిద్య చీకటి పడకముందే ఫోన్ చేసి తల్లి మందులు వేసుకుందో లేదో కనుక్కునే పిల్ల. అల్లుడు జితేందర్‌ది వరంగల్, నోరు కాస్త పెద్దదే గానీ మనసు మంచిది. మనవరాలు స్మృతి ఆరో క్లాసు, చెవుల్లో ఎప్పుడూ ఏవో పెట్టుకునే ఉంటుంది. భర్త పోయాక శ్రీవిద్య గ్రీన్‌కార్డు తెప్పించి తల్లిని తన దగ్గరే ఉంచుకుంది. అంతకుముందు ఆవిడ మూడుసార్లు వచ్చినా ఏప్రిల్లో వచ్చి అక్టోబరుకి వెళ్ళిపోయేది. ఈ దేశపు చలికాలం ఆవిడ చూడడం ఇదే మొదలు.

డిసెంబరు రెండో వారంలో మొదటి మంచు పడినప్పుడు కిటికీ దగ్గర నిలబడి చిన్నపిల్లలా మురిసిపోయింది. ఆ మురిపెం నాలుగు రోజులు కూడా నిలవలేదు. స్కూలు రెండు గంటలు ఆలస్యమని ఒకరోజు, అసలు లేదని ఒకరోజు. శ్రీవిద్య ఎక్కాల్సిన రైలు రాదు, వస్తే కదలదు. జితేందర్ తెల్లారగట్ల లేచి నడుం పడిపోయేలా పార పట్టుకుని కారు దారి శుభ్రం చేసుకుంటాడు, సరిగ్గా చివరి పార తోసేసరికి రోడ్డు మీది మంచు తోసే టౌను వాళ్ళ బండి వచ్చి అదంతా మళ్ళీ అతని దారికి అడ్డంగా గోడ కట్టి పోతుంది. అప్పుడతను తెలుగులో తిట్టే తిట్లు అత్తగారికి వినపడకూడదని శ్రీవిద్య టీవీ పెట్టేది. ఆవిడకి మాత్రం ఆ తిట్లే నయమనిపించేది. అవి ఆగిపోయి, కారు వెళ్ళిపోయాక ఇక సాయంత్రం దాకా మనిషి గొంతు ఉండదు.

ఒక్క లూయిస్ గొంతు తప్ప.

లూయిస్ ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మన్. అరవై దాటిన నల్లజాతి మనిషి, బూడిదరంగు గడ్డం, భుజానికి సంచీ. మంచైనా వానైనా పదకొండున్నరకి గుమ్మం పక్కనున్న డబ్బాలో కాగితాలు పడేసేవాడు. అక్టోబరులో ఒకరోజు ఆవిడ తలుపు తీసి, ఉండబట్టలేక, వేడి టీ తాగుతారా అని అడిగేసింది. ఎక్స్ఛేంజి ఉద్యోగం పుణ్యమా అని ఇంగ్లీషుకి వెనుకాడే మనిషి కాదు. అతను కాగితపు కప్పులో టీ తీసుకుని మూడు నిమిషాలు మెట్ల మీద నిలబడి తాగాడు. అల్లం ఎక్కువైందన్నాడు. మర్నాడు తనే ఆగాడు. చాముండేశ్వరి అనే పేరు నోరు తిరగక మిస్ చాము అన్నాడు. ఆ పేరుతో ఆవిడని చిన్నప్పుడు వాళ్ళ నాన్న పిలిచేవాడు.

రోజూ అతను చెప్పేది వాతావరణమే. రేపు ఆరు అంగుళాలు. ఎల్లుండి గాలి, బయటికి రావద్దు. ఫోనులో అన్నీ కనపడతాయని ఆవిడకి తెలుసు. అయినా అతను చెప్పేదాకా చూసేది కాదు. ఇరవై నాలుగు గంటల రోజులో ఆ మూడు నిమిషాల కోసం ఆవిడ పదింటికే జడ వేసుకుని, చీర మీద స్వెట్టరు సర్దుకుని, అల్లం దంచి పెట్టుకునేది. చెప్పుకోవడానికి సిగ్గుపడేది గానీ, ఆ శీతాకాలం ఆవిడని నిలబెట్టింది అదే.

జనవరిలో ఒక శుక్రవారం. ధనుర్మాసం అయిపోవస్తోంది, గడప కడిగి ముగ్గు వేసి మూడు వారాలైంది. మెట్ల మీద తొక్కిన మంచు గట్టిపడి నల్లగా పేరుకుంది. మంచు కరగడానికి చల్లాల్సిన రాతి ఉప్పు బస్తా నిండుకుంది, తుఫాను దెబ్బకి కొట్లలోనూ దొరకడం లేదు. రేపు తెస్తానని జితేందర్ మూడు రోజులుగా అంటున్నాడు. ఆ మురికి చూస్తుంటే ఆవిడకి మనసు మనసులో లేదు. అందరూ వెళ్ళిపోయాక తొమ్మిదింటికి పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, పసుపు వేసి, తెచ్చి మెట్ల మీద పోసింది. మంచు ఇట్టే కరిగిపోయి కింద ఎర్ర ఇటుకలు కడిగిన ముత్యాల్లా బయటపడ్డాయి. మళ్ళీ గిన్నె, మళ్ళీ గిన్నె. ఇంత తేలిక పనికి అల్లుడు పార పట్టుకుని అంత అవస్థ ఎందుకు పడుతున్నాడో అనుకుని నవ్వుకుంది. తడి ఆరకుండానే పై మెట్టు మీద బియ్యప్పిండితో చిన్న పద్మం వేసింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. అయినా ఆ పూట ఆవిడకి ఇల్లు ఇల్లులా అనిపించింది.

బయట చలి సున్నాకి ఎంతో కింద ఉంది. పోసిన నీళ్ళు పావుగంటలో ఏమవుతాయో చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు. పదింటికి పిండి జల్లించినట్టు సన్నగా మంచు మొదలై మెట్లన్నీ కప్పేసింది. అయ్యో ముగ్గు పోయిందే అనుకుంది, అంతే.

పదకొండున్నరకి టీ పొంగు వస్తుండగా గుమ్మంలో దబ్బున చప్పుడైంది.

తలుపు తీసేసరికి లూయిస్ మెట్ల మీద బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి కింద ఇరుక్కుపోయింది. ఉత్తరాలు చుట్టూ చెల్లాచెదురయ్యాయి. చెంప పై మెట్టుకి ఆని ఉంది. ఆవిడ మేజోళ్ళతోనే బయటికి అడుగు వేయబోయింది.

"వద్దు మిస్ చాము, రావద్దు," అన్నాడతను పళ్ళు బిగించి. "గాజులా ఉంది. నువ్వు లోపలే ఉండు."

ఆవిడ వెనక్కి తిరిగి ఫోను అందుకుంది. అత్యవసరం నంబరుకి ఇంటి నంబరు, వీధి, పడినతని వయసు, స్పృహలో ఉన్నాడన్న సంగతి ఒక్కొక్కటే విడివిడిగా చెప్పింది. తర్వాత దుప్పటి తెచ్చి, గుమ్మంలో కూర్చుని, చెయ్యి చాపి అతని మీద కప్పింది. అంబులెన్సు వచ్చేదాకా అతను పడ్డచోట మంచు చెదిరిపోయిన మెట్టు వంకే చూస్తూ ఉన్నాడు. అతన్ని తీసుకెళ్ళాక ఆవిడ గుమ్మంలోంచి వంగి, అందిన ఉత్తరాలు ఏరింది. లోపల టీ మాడిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ వేడినీళ్ళ సంగతి చెప్పగానే జితేందర్ కోటు కూడా విప్పకుండా ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తమ్మా, జర నా మాట వినున్రి. మీరు నీళ్ళు పోసిన్రని ఎవ్వరికీ చెప్పకున్రి. మంచు పడ్డది, ఆయన జారిండు, గంతే. దానంతటదే పడ్డ మంచైతే ఒక లెక్క, మనం నీళ్ళు పోసి ఐస్ చేసినమంటే లయబిలిటీ మొత్తం మనదైతది. సూ చేసి కోర్టుకు గుంజితే ఇల్లు పోతది."

"అతనలాంటి వాడు కాదు బాబూ."

"ఆయన గాకపోతే ఆయన లాయర్. మీకు ఈ దేశం తెల్వదు."

శ్రీవిద్య తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నువ్వు కావాలని చెయ్యలేదుగా. ఇన్సూరెన్స్ వాళ్ళు కాల్ చేస్తే లోపలున్నాను, నాకేం తెలీదు అను చాలు. ఇంక ఆ టీలూ అవీ వద్దు, ప్లీజ్."

మంగళవారం నాడు ఇన్సూరెన్సు ఆవిడ ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. పోస్ట్‌మన్‌కి మణికట్టు రెండుచోట్ల విరిగిందనీ, ఆపరేషన్ అయిందనీ ఆవిడ నోటే తెలిసింది. మెట్ల మీద ఎవరైనా నీళ్ళు గానీ పోశారా అని అడిగింది.

"లేదు. మంచు. నేను లోపల ఉన్నాను," అంది చాముండేశ్వరి గారు.

ముప్పై నాలుగేళ్ళలో ఆ నోటితో లైను మీద ఒక్క తప్పుడు మాట చెప్పలేదు. ఎంగేజ్ అయితే ఎంగేజ్ అనేది, మనిషి పోయాడంటే పోయాడనే అందించేది. ఫోను పెట్టేశాక తల కొట్టేసినట్టయింది. వంటింట్లోకి వెళ్ళి ఒంటరిగా ఏడ్చింది. ఎంత గట్టిగా ఏడ్చినా ఆ ఇంట్లో వినేవాళ్ళు లేరు.

లూయిస్ బదులు ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. చెవుల్లో పాటలు, చూపు చేతిలోని కాగితాల మీద. డబ్బా మూత టప్పున వేసి పది సెకన్లలో పక్కింటికి వెళ్ళిపోయేది. చాముండేశ్వరి గారు మొదట్లో పదకొండున్నరకి కిటికీ దగ్గర నిలబడేది, తర్వాత అదీ మానేసింది. జడ వేసుకోవడం కూడా మధ్యాహ్నానికి పోయింది. ఫిబ్రవరిలో మంచు మీద మంచు పడింది. రెండు రోజులు కరెంటు లేదు, నలుగురూ ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. ఆ రెండు రోజులూ ఆవిడకి హాయిగా గడిచాయి. కరెంటు రాగానే మళ్ళీ ఎవరి గదులకు వాళ్ళు వెళ్ళిపోయారు.

లూయిస్ తనని ఏమనుకుంటున్నాడో అన్నదే ఆవిడని తినేసింది. టీ ఇచ్చి మచ్చిక చేసుకుని, చెయ్యి విరిగాక మొహం చాటేసిన మనిషి అనుకుంటున్నాడేమో. నిజం చెబితే కూతురి ఇల్లు పోతుందేమో, చెప్పకపోతే తను అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది. అటూ ఇటూ నెల రోజులు నలిగింది. చివరికి ఒక పొద్దున్న స్మృతి నోటుబుక్కులోంచి కాగితం చింపి ఇంగ్లీషులో రాసింది.

'లూయిస్ గారికి. ఆ రోజు మీరు జారింది మంచు వల్ల కాదు. నేను మెట్ల మీద వేడినీళ్ళు పోశాను. మా ఊళ్ళో శుక్రవారం గడప కడుగుతాం. గడ్డకడుతుందని నాకు తెలియలేదు. అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పాను. మీ చెయ్యి ఎలా ఉంది? మీకేమైనా కావాలంటే నన్ను అడగండి, మా పిల్లల్ని అడగకండి. చాము.'

ఇంటిపేరు తెలియదు, చిరునామా తెలియదు. కవరు మీద లూయిస్ అని మాత్రం రాసి, ఆ అమ్మాయి వచ్చే వేళకి శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడింది. కవరు చేతికిచ్చి అది ఎవరికి చేరాలో చెప్పింది. అమ్మాయి చెవిలోంచి ఒకటి తీసి, కవరు చూసి, సరేనంది. అంతటితో అయిపోయింది. ఆ తర్వాత ఇంటి ముందు ఏ కారు ఆగినా చాముండేశ్వరి గారు కిటికీ తెర తొలగించి చూసేది. లాయరు నోటీసు వస్తే జితేందర్ మొహం ఎలా చూడాలో అనుకుంటూ, అందరికన్నా ముందు తనే డబ్బా తీసి చూసేది.

మార్చి పదో తారీఖున, కరెంటు కాగితాలకీ పిజ్జా కూపన్లకీ మధ్య, ఒక కార్డు వచ్చింది. మీద కొబ్బరిచెట్టు బొమ్మ. రాత పెద్దదిగా, వంకరగా, ఎడమచేత్తో రాసినట్టుగా ఉంది.

'మిస్ చాము. నాకు ఆ రోజే తెలుసు. నా మొహం నీ పువ్వు మీదే పడింది. ఐసు కింద ఒక్క గీత చెదరకుండా ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ వీధుల్లో నడిచాను, మీ వాళ్ళు నీళ్ళతో కడిగిన గుమ్మాల్లో ఆ పువ్వులు ఎండాకాలం రోజూ దాటి వెళ్ళేవాణ్ణి. రిపోర్టులో మంచు అని రాశాను. చెయ్యి మెల్లగా వస్తోంది. ఇక ఉద్యోగం చాలనుకుని మా అమ్మాయి దగ్గరికి ఫ్లోరిడా వచ్చేశాను. ఇక్కడ టీలో ఎవరూ అల్లం వెయ్యరు. ఏప్రిల్ దాకా మెట్లు కడగొద్దు. ఇప్పుడు నీకు వాతావరణం ఎవరు చెబుతున్నారు?'

గుమ్మంలో నిలబడే మూడుసార్లు చదివింది. గుండెల మీద నుంచి బండ దిగిపోయింది. అతను కోపంగా లేడు, ఇల్లు ఎక్కడికీ పోదు. ఈ మాట ఇప్పటికిప్పుడు ఎవరికైనా చెప్పాలనిపించి ఫోను తీసింది. శ్రీవిద్యకి చెప్పాలంటే తను రాసిన ఉత్తరం గురించీ చెప్పాలి. జితేందర్‌కి చెప్పే మాటే లేదు. భీమవరంలో అప్పుడు రాత్రి తొమ్మిది దాటింది, చేసినా మొదట్నుంచీ చెబితే వినే ఓపిక ఉన్నవాళ్ళు ఎవరూ తట్టలేదు. ఫోను మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

కార్డుని బియ్యప్పిండి డబ్బా అడుగున దాచింది. పదకొండున్నర దాటింది. బయట ఆకాశం మళ్ళీ ముసురుకుని, మార్చి అనైనా చూడకుండా సన్నగా మంచు రాలడం మొదలైంది. చాముండేశ్వరి గారు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చున్నప్పుడు మాట్లాడిన గొంతుతో, ఒక్కొక్క మాటా విడివిడిగా, ఖాళీ వీధికి వినపడేలా ఇంగ్లీషులో జవాబు చెప్పింది.

"ఎవరూ చెప్పడం లేదు, లూయిస్."