ఇరవై ఏళ్ల తర్వాతి మా పొలం చూసి వచ్చాను

మా రెండెకరాల్లో ఇళ్లు లేచాయని కరణంగారు చెప్పినప్పుడు నేను బియ్యం చెరుగుతున్నాను. ఇప్పుడు కాదట, ఇరవై ఏళ్ల తర్వాతట! బెజవాడ ఆఫీసులో కంప్యూటరు అచ్చేసిన పటంలో అలా ఉందట. రోడ్లూ ఇళ్ల స్థలాలూ ఆ పటం చూసే నిర్ణయిస్తారట. చదువు మూడో క్లాసుతో ఆగినా, పొలం పోతుందంటే అర్థంకాని మనిషిని కాను. తెల్లారగానే చేలో ఒక మినుము మొక్క పీకి, తడిగుడ్డలో చుట్టి, పులిహోర కట్టుకుని బయలుదేరాను.

ఏడున్నరకి హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కాను. పక్కనున్న పంతులమ్మ మూట చూసి నవ్వింది.

"టౌనుకి మొక్క తీసుకెళ్తున్నారేంటి మామ్మగారూ?"

"మిషనుకి చూపించడానికమ్మా. అదెప్పుడూ పొలం చూసి ఉండదు."

తొమ్మిదింటికి బెంజి సర్కిల్ దగ్గర దిగి ఆఫీసుకి నడిచాను. మీరెవరైనా వెళ్తే పదిన్నర దాటాక వెళ్లండి. అంతకుముందు ఆఫీసులో కుర్చీలే ఉంటాయి. మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాను.

ఇంజనీరు చిన్నవాడే, మర్యాదస్తుడు. మిషను హైదరాబాదులో ఉందట, కాగితాలే ఇక్కడికొస్తాయట. చాపంత కాగితం పరిచాడు. నిండా ఇంగ్లీషు అక్షరాలే. ఒక్కో అక్షరం ఒక్కో నేలముక్క. జెండాలా ఉన్నది వరి, నిచ్చెనలా ఉన్నది ఇళ్లు. ఇంకా రాని కాలాన్ని కాగితం మీద చూడటమంటే మాటలా! తీరా చూస్తే మా పొలంలో అన్నీ నిచ్చెనలే.

"నేలలు చూడ్డానికి మీవాళ్లు ఎప్పుడొచ్చారు నాయనా?"

"మే నెలలోనండీ."

"కాలవలకి నీళ్లు కట్టేశాక వచ్చి, నెర్రెలు చూసి బీడని రాసుకున్నారన్నమాట!" మొక్క విప్పాను. మినుము వేళ్లకి వరిదుబ్బు అంటుకునే ఉంది. "కోతకి ముందే వరిచేలో మినుములు చల్లుతాం. ఏటా రెండు పంటలు. ఇది బీడా?"

అతను మొక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బీడని రాసేశారు, పైగా రోడ్డు పక్క. అందుకే మిషను ఇళ్లు పెట్టేసింది. కొత్త కార్డు పంపిస్తానండీ" అని చిల్లులున్న అట్టముక్క చూపించాడు. ఆ చిల్లులే మిషనుకి భాషట. "కానీ ఇళ్లు తగ్గవు మామ్మగారూ. ఇక్కడ తీస్తే ఇంకోచోట పెడుతుంది."

"జంక్షన్‌కి ఇవతల చవుడుంది. గడ్డైనా మొలవదు. అక్కడ పెట్టమను."

కాగితం వెతికి తల పట్టుకున్నాడు. "గట్లున్నాయని దాన్ని వరి కింద రాశారండీ!"

"మీ మిషనుది తప్పు కాదులే. చెప్పినవాళ్లది."

రెండు నేలలకీ నా ఎదుటే కొత్త కార్డులు రాయించాడు. గుర్తుకి మొక్క ఉంచమన్నాడు. కాయలు కోసుకుని ఇచ్చాను.

నాలుగింటి బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. దారి పొడుగునా ఒక్కో మడికీ కిటికీ అంచు మీద వేలితో జెండా గీశాను. చవుడు రాగానే నిచ్చెనలు మొదలుపెట్టాను. ఆ నిచ్చెనలు ఎవరెక్కుతారో నాకు తెలియదు. జంక్షన్ వచ్చి కండక్టరు కేకేసేదాకా వేస్తూనే ఉన్నాను.