మన పిల్ల గెలిచింది, నా జుట్టు పోయింది

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. కువైట్‌కి వచ్చిన కొత్త. అమ్ఘరాలో పాత ఇనుము ఎత్తే పని, ఖైతాన్‌లో ఐదుగురు కడపోళ్ళం ఒకే గదిలో కాపురం. శుక్రవారం సెలవొస్తే కిటికీకీ తలుపుకీ మధ్య ఊరికే తిరిగేవాణ్ణి. మా టీవీలో ఉచితంగా వచ్చే ఆటల ఛానెల్ ఒక్కటే. అందులో కనపడింది, కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకుని, చేతికర్రలతో మంచును పొడుస్తూ ఎగువకి పరిగెత్తే స్వీడన్ పిల్ల. (మంచు మొహం మేం ఫ్రిజ్‌లో తప్ప చూసింది లేదు.) మొదటి చలికాలమంతా వెనకబడేది. మరుసటి చలికాలానికి పతకాలు మొదలయ్యాయి. చెయ్యి విరిగి ఆట ఆపేసినప్పుడు మా గదిలో ఎవరికీ అన్నం సయించలేదంటే నమ్మండి. పేరు నోరు తిరగదు గనక 'మన పిల్ల' అనేవాళ్ళం. పక్కగది మలయాళీలు కూడా ఆమె చెయ్యి ఎలా ఉందని మమ్మల్నే అడిగేవాళ్ళు.

చెయ్యి అతుక్కుని ఆమె మళ్ళీ పెద్ద పోటీకి దిగిన శుక్రవారం, మా గదికి పెద్దదిక్కయిన వంటమామ టీవీ ముందు చేతులు జోడించి, "స్వామీ, మన పిల్ల గెలిస్తే మా అబ్బి గుండు కొట్టించుకుంటాడు" అని మొక్కేశాడు.

"నా తలెందుకు మామా? నీదియ్యి!"

"నాది నెరిసిన జుట్టురా. దేవునికి మంచిది ఇయ్యల్ల గదా?"

మర్నాడే నా పెళ్ళిచూపులు, పిల్ల వాళ్ళు నన్ను ఫోన్లో చూస్తామన్నారు. "నీలో చూడదగ్గది ఆ జుట్టొక్కటే నాయనా, బాగా దువ్వుకో" అని మా అమ్మ అప్పటికే హెచ్చరించింది. అంతకుముందు రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈ అమ్మాయి ఫొటోలోనే నాకు తెగ నచ్చేసింది. (నవ్వకుండా ఉరిమి చూస్తోంది. అయినా సరే.) ఆ పిల్ల గెలిస్తే ఈ పిల్ల చేజారుతుంది. ఓడిపోతే బాగుండునని ఒక పక్క, ఛీ, అంత మాట ఎలా అనుకున్నానని ఇంకో పక్క. కూర్చోలేక మెట్లదాకా పోయి వచ్చాను, మళ్ళీ పోయాను. "ఒకచోట కుదురుగా ఉండరా, అడ్డమొస్తాండావు!" అని మామ కసిరాడు. తీరా ఆఖరి ఎత్తు ఎక్కేటప్పుడు ఆమె ఒక్కొక్కరినే దాటుతుంటే "యల్లా తల్లీ, యల్లా!" (అరబ్బీలో 'పద పద' అని) గది అదిరేలా అరిచింది నేనే. గెలిచింది! అందరూ నన్ను భుజాలకెత్తుకున్నారు. తిన్నగా మంగలి షాపులో దించారు.

మర్నాడు ఫోన్లో నన్ను చూడగానే అమ్మాయి తండ్రి కంగారుపడ్డాడు. "ఏంది నాయనా, ఎవురన్నా పోయినారా?"

"లేదు సార్. ఒక పిల్ల గెలవల్లని మొక్కు."

"ఏ పిల్ల?"

మంచు, చెక్కలు, విరిగిన చెయ్యి, నా అరుపులు, అన్నీ గబగబా కలగలిపి చెప్పాను. ఆయన ఫోను పెట్టెయ్యబోయాడు. ఖలాస్, ఇదీ పోయింది అనుకున్నాను. ఇంతలో ఫోను అమ్మాయే లాక్కుంది.

"నేను డిగ్రీ తప్పినా. మళ్ళా రాస్తా. నాకూ అట్లే అరుస్తావా?"

"అరుస్తా" అన్నాను, అప్పుడే అరిచినంత గట్టిగా.

ఆ ఏడే ఆమె పాసయింది, మా పెళ్ళీ అయింది. ఇప్పుడు ఎంత పెద్ద పోటీ వచ్చినా సోఫాలో ఆనుకుని చూస్తాను. ఎవరు గెలిచినా లేవను. "నేను చేసుకునింది కాలు నిలవని పిలగాణ్ణి. ఈ కుదురైన మనిషి ఎవురో!" అంటుంది మా ఆవిడ. నవ్వేసి ఊరుకుంటాను గానీ, నిజం చెప్పాలంటే నాకూ ఆ కాలు నిలవనివాడంటేనే ఇష్టం.