ఎనిడ్ టాట్లో అడిగిన టీ

మా వృద్ధాశ్రమంలో ఎనిడ్ టాట్లో అనే ఆవిడని ఇష్టపడినవాళ్లు ఎవరూ లేరు. నేనూ ఇష్టపడలేదు. భోజనాల గదిలో నా పక్క కుర్చీ ఆమెది కాబట్టి ఆమె గురించి రాసేంత తెలిసింది, అంతే.

మొగుడు పోయాక బర్నీ ఊళ్లోని కాగితం మిల్లులో చేరి, అది జనాన్ని తగ్గించుకునేదాకా అక్కడే పనిచేసింది. బల్ల ముందు నిలబడి, కాగితాల దొంతరల్లోంచి మచ్చ ఉన్నవాటిని ఏరిపారెయ్యడం ఆమె పని. మనుషుల్నీ అదే చూపుతో చూసేది.

ఇక్కడికి వచ్చాక స్ట్రోక్ వచ్చింది. మింగడం కష్టమైంది. పలచటివి ఏం తాగినా ఊపిరితిత్తుల్లోకి పోతాయని, అన్నిట్లోనూ చిక్కగా చేసే పొడి కలిపి ఇమ్మన్నారు. టీ కూడా. చెంచా గుచ్చితే నిలబడేది. టాస్మానియా చలికాలంలో మధ్యాహ్నం టీ బండి చప్పుడు కోసమే బతికేవాళ్లం మేము. ఆమె ముందు మాత్రం ఆ బూడిదరంగు ముద్ద పెట్టేవారు.

మా హాలు గోడ మీద ‘ఒంటికీ, మనసుకీ, ఆత్మకీ సంపూర్ణ సంరక్షణ’ అని రాసి ఉంటుంది. ఆ సంరక్షణ కింద ఆమె చేతులకు లావెండర్ నూనె రాశారు. నిమరడానికి కుక్కని తెచ్చారు. ఎవరో అమ్మాయి వచ్చి పాటలు పాడింది. టీ మాత్రం ఇవ్వలేదు.

“కొంచెం తాగు బంగారం,” అంది మేనేజరు కెరిన్.

“నేను నీ బంగారాన్ని కాదు. ఇది టీ కాదు, వాల్‌పేపర్ అంటించే జిగురు. నువ్వు తాగి చూపించు.”

కెరిన్ తాగలేదు.

మర్నాడు ఎనిడ్ నా కప్పు లాక్కుని తాగేసింది. నేను అరిచాను. ఆమెని గోడ పక్క బల్లకి మార్చారు. దాంతో ఆమె అసలు తాగడమే మానేసింది. పెదాలు పగిలాయి. చెంచా పట్టుకుని వచ్చినవాళ్లని పేరుపేరునా తిట్టింది. కెరిన్ హడలిపోయి డాక్టరునీ, ఎనిడ్ అక్క కూతురు గ్లెనిస్‌నీ పిలిపించింది.

విడిగా మాట్లాడదామంటే ఎనిడ్ గదిలోకి రానంది. “చెప్పేదేదో అందరి ముందూ చెప్పండి.” హాల్లో బింగో ఆట ఆగిపోయింది.

“మొండితనం ఆపు పిన్నీ, చస్తావు,” అంది గ్లెనిస్.

“తొంభై దాటాను. చావక మళ్లీ పెళ్లి చేసుకోమంటావా?”

కొందరం నవ్వాం. గ్లెనిస్ నవ్వలేదు. “అమ్మ కూడా ఇలాగే పోయింది. వద్దని నర్సు చెప్పినా నువ్వు కస్టర్డ్ పెట్టావు. అది ఊపిరితిత్తుల్లోకి పోయింది.”

“అడిగింది, పెట్టాను.”

“పెట్టి చంపావు.”

ఎనిడ్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. “మీ అమ్మ చివరి నెలంతా ఉప్పూ కారం లేని జావతో గడిపింది. ఆ ఒక్క చెంచా తిని ‘హమ్మయ్య’ అంది. నువ్వు లేవు, వినలేదు. నేను విన్నాను.”

“నాకు అమ్మ కావాలి. ఆ హమ్మయ్య నాకెందుకు?”

డాక్టరు కలగజేసుకుని ఎనిడ్ వైపు తిరిగాడు. “మామూలు టీ తాగితే ఏమవుతుందో మీకు తెలుసా?”

“దగ్గొస్తుంది. జ్వరమొస్తుంది. పోతాను. నేను చెప్పకుండా వదిలేసినవి ఇంకేమైనా ఉన్నాయా?”

“ఏమీ లేవు,” అన్నాడతను. “ఆవిడకి అంతా తెలిసే అడుగుతున్నారు. నిర్ణయం ఆవిడదే.”

“ఏదన్నా జరిగితే మా పీకలకి చుట్టుకుంటుంది,” అంది కెరిన్.

“నేను రాసిస్తాను. మీరు టీ ఇవ్వండి.”

గ్లెనిస్ సంచీ భుజానికి తగిలించుకుంది. “జ్వరమొస్తే నాకు ఫోన్ చెయ్యకండి. పూడ్చేటప్పుడు కూడా రాను.”

“రాకు. వస్తే పూడ్చాక పెట్టే శాండ్‌విచ్‌లు బాలేవని సణుగుతావు.”

ఆమె వెళ్లిపోయింది. బయట ఆమె కారు చాలాసేపటిదాకా కదలలేదు. ఎనిడ్ కిటికీ వైపు తల తిప్పలేదు.

కెరిన్ టీ తెచ్చి బల్ల మీద టక్కున పెట్టింది. పాలు, చక్కెర, అంతే. ఎనిడ్ రెండు చేతులతో కప్పు ఎత్తి ఒక గుక్క తాగింది. వెంటనే పొలమారింది. మొహం కందిపోయింది, కళ్లు పొడుచుకొచ్చాయి. కెరిన్ పరుగెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఊపిరి తిరగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత మళ్లీ తాగింది.

మేమంతా ఆమె గొంతు వైపే చూస్తున్నాం.

“నా మొహం మీద సినిమా ఆడుతోందా?” అని కసిరింది. “కెరిన్, ఇది చల్లారింది. వేడిగా ఇంకోటి తే.”