కుక్క పాదం ఉన్న ఇటుక

నల్లరాయి పలక లారీలోంచి దిగుతున్నప్పుడే మేస్త్రికి చిరాగ్గా ఉంది. దాని మీద చెక్కిన బంగారు రంగు అక్షరాలు చదివాక ఒళ్ళు మండిపోయింది. అతని చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగింది. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ చదువుతాడు. అలాగే చదివాడు. ముప్పై రెండేళ్ళు ఈ సంఘానికి కాపరిగా సేవ చేసి, అటుపైన ప్రశాంతమైన విశ్రాంత జీవితం గడిపి, ప్రభువు పిలుపు అందుకున్నవారు అని ఉంది.

"విశ్రాంత జీవితమంట!" అన్నాడు పైకే.

సిమెంటు మాలు కలిపే అక్క పార పక్కన పెట్టి వచ్చింది. "ఎవరికి విశ్రాంతి?"

"అయ్యగారికి. హాయిగా విశ్రాంతి తీసుకున్నారంట."

"ఎప్పుడూ? మధ్యాహ్నం అన్నం తిని, గోనె సంచి పరుచుకుని పావుగంట నడుం వాల్చేవారు. అదా?"

అయ్యగారంటే ఈ చర్చికి పాస్టరుగా పనిచేసిన పెద్దాయన. పోయి నెల కావస్తోంది. జ్వరమొచ్చి పదకొండు రోజులు మంచం మీదున్నారు, అంతే. మేస్త్రికి చర్చితో పెద్ద సంబంధం లేదు. పెళ్ళికి, చావుకి తప్ప లోపల అడుగు పెట్టడు. ఇప్పుడు అక్కడున్నది పని కోసం. చర్చి ఆవరణలో కొత్త హాలు కడుతున్నారు. ఆరు నెలలుగా అతనూ, అతని కింద పదకొండు మందీ ఆ పని మీదే బతుకుతున్నారు.

కమిటీ సెక్రటరీ తెల్లచొక్కాకి దుమ్ము అంటకుండా దూరంగా నిలబడి చెప్పాడు. "రేపు ఆరాధన అయ్యాక అయ్యగారి జ్ఞాపకార్థ కూడిక. ఆలోపు ఆ రాయి సమాధి మీద కూర్చోబెట్టెయ్ మేస్త్రీ."

"ఇందులో పదమూడేళ్ళు లేవండీ."

"ఏ పదమూడేళ్ళు?"

"ఆయన తాపీ పట్టుకున్న పదమూడేళ్ళు."

సెక్రటరీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అవన్నీ రాయి మీద చెక్కిస్తారటయ్యా ఎవరైనా? మన పాస్టరు సిమెంటు తట్టలు మోశాడంటే వినేవాళ్ళేమనుకుంటారు? పరువు తక్కువ కాదూ?"

మోసినప్పుడు పోని పరువు ఇప్పుడెలా పోతుందండీ అని మేస్త్రి నోటి దాకా వచ్చింది. హాలు గోడ వైపు చూసి మింగేశాడు. మింగింది లోపల కుదురుగా ఉండదు కదా. సాయంత్రం వరకూ తాపీతో ఇటుకని కొట్టిన ప్రతి దెబ్బకీ అది పైకి తన్నుకొచ్చింది.

పదమూడేళ్ళ కిందట ఒక పొద్దున్న అయ్యగారు పని దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అరవై నిండిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు.

"పనుందా మేస్త్రీ?"

"ప్రార్థనాండీ? పునాదప్పుడే చేయించేశారు ఇంటివాళ్ళు."

"ప్రార్థన కాదయ్యా. ఇటుకలు మోసే పని."

మేస్త్రి నవ్వాడు. ఆయన నవ్వలేదు. తర్వాత తెలిసింది సంగతి. పదవీ విరమణ అయిన రోజే కమిటీ ఆయన చేతిలో కాగితం పెట్టింది. కొత్త పాస్టరు వస్తున్నాడు, చర్చి ఇల్లు వారంలో ఖాళీ చేయాలి. ముప్పై రెండేళ్ళు ఉన్న ఇల్లు. ఆయన భార్య, అమ్మగారికి అప్పటికే మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేని స్థితి. ఒక్క నెల గడువడగమని ఎంతమంది చెప్పినా ఆయన అడగలేదు. వాళ్ళ ఇబ్బంది వాళ్ళకుంటుందిలే అన్నారంట. సందు చివర రెండు గదులు చూసుకుని, ట్రాలీ రిక్షాలో సామాను సర్దుకున్నారు. మంచాలు, పుస్తకాలు, క్యారమ్ బోర్డు. ఆ పైన ఇటుకలు.

అవును, ఇటుకలే. చిన్నప్పటి నుంచీ ఆయనకదొక పిచ్చి. ఇటుకల బట్టీవాళ్ళు ఎవరి గుర్తు వాళ్ళు ఇటుక మధ్య గుంటలో అచ్చు వేస్తారు. రెండక్షరాలో, నక్షత్రమో, చేపో. ఏ ఊరికి వాక్యం చెప్పడానికెళ్ళినా అయ్యగారు అక్కడి బట్టీ ఇటుకొకటి సంచిలో వేసుకుని వచ్చేవారు. జనం పండ్లు తెచ్చుకుంటే ఆయన ఇటుక తెచ్చుకునేవారు. వెనకాల పెన్సిలుతో ఊరూ తేదీ రాసుకునేవారు. అలా నూట నలభై అయ్యాయి.

ఒక్కసారికి అన్నీ ఎక్కలేదు. ఇరవై రెండు వరండాలో మిగిలాయి. రెండోసారి బండి తీసుకుని వెళ్ళేసరికి గేటుకి తాళం. ఆ తర్వాత ఆదివారం చూస్తే ఆ ఇరవై రెండూ చర్చి గేటు పక్కన పూలమొక్కల చుట్టూ రంపం పళ్ళలాగా ఏటవాలుగా పాతి, సున్నం కొట్టి ఉన్నాయి. చెత్తనుకున్నాం అన్నాడు సెక్రటరీ.

"అడగండి అయ్యగారూ, మీవే కదా!" అని మేస్త్రి ఎన్నిసార్లన్నాడో లెక్క లేదు.

"పూలకి ఆసరాగా ఉన్నాయిలే, ఉండనీ."

అదే మేస్త్రికి మండేది. మనిషన్నాక కాస్తయినా కోపం రావద్దూ? ఆయనకి రాదు. ఆయనకి రాని కోపమంతా మేస్త్రికే వచ్చేది.

పని మొదట్లో రాలేదు ఆయనకి. మొదటి నెలలో ఒకరోజు మేస్త్రి ఇసుక కోసం వెళ్ళొచ్చేసరికి, మోకాలెత్తు ప్రహరీ ఒక వరస మొత్తం ఇటుకల్ని పక్కకి నిలబెట్టి, గుంటలు బయటికి పెట్టి కట్టేశారు. ప్రతి ఇటుక మీదా బట్టీ పేరు వీధిలోకి కనిపిస్తోంది.

"ఇదేం గోడండీ! గుంట పైకుండాలి, మాలు అందులో దిగితేనే గదా పట్టు!"

"పేరు మూసుకుపోతుంది కదా మేస్త్రీ."

"పేరెవడిక్కావాలి? గోడ నిలబడాలి!" అని కాలితో ఒక్క తన్ను తన్నాడు. వరస మొత్తం పడిపోయింది. ఎదురుగా ఉన్నది పాస్టరని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. నోట్లో ఉన్న బూతు బయటికి రాలేక లోపలికి పోలేక అవస్థ పడ్డాడు.

"తిట్టెయ్ మేస్త్రీ, ఆపుకోకు," అన్నారు అయ్యగారు ఇటుకలు ఏరుకుంటూ. "నువ్వు తిట్టకపోతే నాకు పని రాదు."

తిట్టాడు. పని వచ్చింది. మూడేళ్ళు తిరిగేసరికి రసమట్టం పెట్టకుండా కంటితోనే వరస సరిచూసేంతవారయ్యారు. ఆయన పూసిన గోడ మీద అరచేయి రాస్తే ఎక్కడా తగలదు. అడిగి మరీ ఆయన్నే పంపమనేవాళ్ళు ఇళ్ళవాళ్ళు. మధ్యాహ్నం సిమెంటు బస్తాల మీద క్యారమ్ బోర్డు పెట్టేవారు. బంగారంలాంటి మనిషే గానీ ఆటలో మాత్రం పచ్చి దొంగ. చిటికెన వేలితో పావుని ఇంత జరిపేవారు.

"అయ్యగారూ, చూశా!" అని అక్క అరిచేది.

"చూశావా? సరేలే, ఆదివారం క్షమాపణ అడిగేస్తా," అని ఎర్రపావు జేబులో వేసుకునేవారు.

ఈ హాలు పనికి కూడా వచ్చారాయన, డెబ్భై మూడేళ్ళ వయసులో. తనని వారంలో గెంటేసిన కమిటీకి హాలు. తూర్పు గోడ మూడో వరస నుంచి ఆయన చేతిదే. సెక్రటరీ రోజూ ఆ గోడ పక్కనుంచే ఫోను చూసుకుంటూ పోయేవాడు. ఒక్కనాడూ తలెత్తలేదు.

సాయంత్రం మేస్త్రి అమ్మగారి దగ్గరికి వెళ్ళాడు. ఆమె మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, రాయి మీద రాసింది మొత్తం విన్నది.

"ఆ రాయి ఆయన మీద పెట్టకు," అంది. "ఆ ఇటుకలు పెట్టు. ఇంట్లో నూట పద్దెనిమిదున్నాయి. గేటు దగ్గరివి కూడా తీసుకురా. అన్నీ రాకపోయినా కుక్కదొక్కటి తీసుకురా నాయనా."

కుక్కదంటే, పచ్చి ఇటుకలు ఎండబెట్టినప్పుడు ఏదో వీధికుక్క తొక్కి పోయింది. అచ్చు పక్కనే నాలుగు వేళ్ళ పాదం పడి, అలాగే కాలింది. అయ్యగారికి అన్నిటికన్నా అదంటే ఇష్టం. బట్టీవాడు మర్చిపోయినా సంతకం పెట్టే పోయిందీ కుక్క అని నవ్వేవారు. అది ఆ ఇరవై రెండులో ఉండిపోయింది.

ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికొచ్చేసరికి మేస్త్రి గేటు పక్కన గునపంతో తవ్వుతున్నాడు. అక్క తడిగుడ్డతో సున్నం తుడిచి ఇటుకలు పేరుస్తోంది.

సెక్రటరీ పరుగున వచ్చాడు. "ఏయ్! ఏం చేస్తున్నావ్ నువ్వు? రాయి పెట్టమంటే పూలమొక్కలు పీకుతావా?"

"మొక్కల జోలికెళ్ళలేదండీ. ఇటుకలు తీస్తున్నా."

"అవి చర్చి ఇటుకలు!"

"చర్చివా? అయితే చెప్పండి, ఇది ఏ బట్టీది?" ఒకటి తీసి అతని ముఖం ముందు పెట్టాడు. "తెలీదా? నేను చెప్తా. పదమూడేళ్ళు రోజూ విన్నా. ఇది ఏటి అవతలి బట్టీది. అక్కడ పెళ్ళికొడుకు ముహూర్తానికి నిద్రపోతే అయ్యగారే వెళ్ళి లేపారు. ఈ చేప గుర్తుది, బట్టీలో పొగకి పోయిన కూలీ మనిషిని పాతిపెట్టడానికి ఏ పాస్టరూ రానంటే ఈయన నడిచెళ్ళి తెచ్చింది. ఈ అక్షరాలు చూడండి, తిరగబడ్డాయి. అచ్చు తిప్పి చెక్కాలని తెలీని కొత్త బట్టీవాడు. వాడు సిగ్గుపడుతుంటే, మొదటి ఇటుక నాకివ్వు అని అడిగి మరీ తెచ్చుకున్నారు. ఇవి మీకు చెత్త!"

జనం చుట్టూ మూగారు. మేస్త్రి ఆగలేదు.

"విశ్రాంతంట! చూడండమ్మా అందరూ, ఆ తూర్పు గోడ. విశ్రాంతి తీసుకుంటూ కట్టారాయన. ఎండలో పరంజా ఎక్కి కట్టారు. మీలో ఎంతమంది ఇళ్ళకి ఆయన గోడ పూయలేదు? మీ అమ్మాయి గదికి పూయలేదూ? నువ్వేం తల దించుకుంటావ్, మీ స్నానాల గది కట్టలేదూ?"

"హాలు పని వద్దా నీకు?" అన్నాడు సెక్రటరీ, పళ్ళ బిగువున.

మేస్త్రి పరంజా వైపు చూశాడు. పదకొండు మంది ముఖాలు కళ్ళ ముందు తిరిగాయి. ఒక్క క్షణం గునపం ఆగింది.

"ఆ పరంజా కట్టింది మనమేగా," అంది అక్క గుడ్డ పిండుతూ. "విప్పడం కూడా మనకే వచ్చు. తవ్వు మేస్త్రీ."

తవ్వాడు. ఇరవై ఒకటి వచ్చాయి. కుక్కది రాలేదు. మట్టి మొత్తం తిరగేశాడు. లేదు.

"ఎక్కడ పెట్టారు?" అని సెక్రటరీ మీదికి లేచాడు. "ఆ ఒక్కటీ ఎక్కడ దాచారు?"

"నాకేం తెలుసయ్యా! ఒట్టు, నేను ముట్టుకోలేదు!"

అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మేస్త్రీ," అంది మెల్లగా. "డ్రమ్ము."

"ఏ డ్రమ్ము?"

"మన నీళ్ళ డ్రమ్ము. మొదటి రోజు ఒరిగిపోతోందంటే ఏదో ఒక ఇటుక పెట్టవే అన్నావు. గేటు పక్కన వదులుగా ఉన్నదొకటి లాగి పెట్టా. సున్నం కొట్టుంది, నేను చూడలేదు. నువ్వూ చూడలేదు."

మేస్త్రి హాలు దగ్గరికి వెళ్ళి డ్రమ్ముని రెండు చేతులా తోశాడు. నీళ్ళు బోర్లిపడి కాళ్ళు తడిపేశాయి. అడుగున, మట్టిలో సగం దిగిపోయి, ఉంది. నీళ్ళ తడికి సున్నం ఎప్పుడో పోయింది. నాలుగు వేళ్ళ పాదం పైకే చూస్తోంది, డ్రమ్ము అంచుకి అవతలగా. కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది.

నాలుగు నెలలు. అయ్యగారు నాలుగు నెలలు రోజూ ఆ డ్రమ్ము దగ్గరే గొంతుక్కూర్చుని చేతులు కడుక్కున్నారు. లేచేటప్పుడు ఆ ఇటుక మీద అరచేయి ఆనించి, కాసేపాగి, అప్పుడు లేచేవారు. మోకాళ్ళ నొప్పులనుకున్నాడు మేస్త్రి. 'మీరు కూడా ముసలాళ్ళైపోయారండీ' అని వెక్కిరించాడు కూడా.

"నోరు తెరిచి అడగొచ్చు కదయ్యా!" అని అరిచాడు మేస్త్రి. ఎవరి మీద అరుస్తున్నాడో జనానికి అర్థం కాలేదు. "మేస్త్రీ, అది నాది, ఇటివ్వు అంటే నేనివ్వనా? నన్ను కూడా వాళ్ళలో కలిపేశారా? అందర్నీ వదిలేసినట్టు నన్నూ వదిలేశారా?"

ఇటుకని గుండెకి ఆనించుకుంటే చొక్కా అంతా బురదైంది. సెక్రటరీ "రేపట్నుంచి ఎవరూ పనికి రావద్దు," అని వెళ్ళిపోయాడు.

సోమవారం పరంజా విప్పారు. మంగళవారం సమాధి కట్టారు. అడ్డుపడదామని సెక్రటరీ వచ్చాడు గానీ, అక్కడ కుర్చీ వేసుకుని అమ్మగారు కూర్చుని ఉంది.

"నా భర్తది. నేను చెప్పాను కట్టమని," అంది. పదమూడేళ్ళలో ఆ ఇంటివాళ్ళు ఎదురు చెప్పింది అదే మొదటిసారి కావడంతో సెక్రటరీ పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.

మేస్త్రి జీవితంలో మొదటిసారి తప్పుగా కట్టాడు. ఇటుకల్ని పక్కకి నిలబెట్టి, గుంటలు బయటికి పెట్టి, ప్రతి పేరూ కనిపించేలా కట్టాడు. పైన గుంటలు ఆకాశం వైపు ఉండేలా పరిచాడు. తలవైపు మధ్యలో కుక్క పాదం.

"వాన నీళ్ళు నిలుస్తాయి అందులో," అన్నాడు సెక్రటరీ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నిలవ్వు. వేలెడు వాలిచ్చా," అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

నల్లరాయి ఇంకా తూర్పు గోడకే ఆనించి ఉంది. అది పెట్టే మేస్త్రి ఊళ్ళో దొరకలేదు.

కొత్తగా కట్టింది వారం రోజులు తడపాలి కదా. మేస్త్రి వేరే పని వెతుక్కుంటూ ఆ దారినే పోతూ రోజూ చూశాడు. అమ్మగారు చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉంది, ఒక్కో అచ్చు మీదా ఆగి ఆగి.

"ఆయనకి ఎవరి మీదా కోపం లేదు మేస్త్రీ," అంది ఒకరోజు. "నువ్వెందుకింకా కోపంగా ఉన్నావ్?"

"ఆయనకి లేదు కాబట్టేనమ్మా," అన్నాడు మేస్త్రి. "ఎవరికో ఒకరికి ఉండాలి కదా." చెంబు అందుకుని మిగిలిన సగం తనే తడిపాడు.